తప్పు మాత్రదా? చెప్పని మాటదా?

"ఈ మాత్ర నాకు పడలేదు." తిరుపతి జిల్లాలో మందుల షాపుల ముందు, ఆసుపత్రి బెంచీల మీద థైరాయిడ్ రోగుల నోట తరచు వినవచ్చే మాట ఇది. గుండెదడ, చేతుల వణుకు, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, జుట్టు రాలడం, ఒళ్లు నొప్పులు - వీటన్నిటికీ పరగడుపున మింగే ఆ చిన్న మాత్రే కారణమని వారి నమ్మకం. అలా నమ్మినవారిలో కొందరు దానిని రోజు విడిచి రోజు వేసుకుంటారు. కొందరు సగానికి విరుస్తారు. మరికొందరు సీసాను అటక ఎక్కిస్తారు. కొన్ని నెలలకు ముఖం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, నాలుగు మెట్లు ఎక్కలేక మళ్లీ అదే డాక్టరు వద్దకు చేరుతారు.

మాత్రను తిట్టుకోవడం తేలికే. అయితే ఆ మాత్రను ఎప్పుడు వేసుకోవాలో, దేనితో కలిపి వేసుకోకూడదో, తేడా చేస్తే ఏమి చేయాలో ఆ రోగికి ఎవరైనా విడమరిచి చెప్పారా? చీటీ మీద "ఉదయం 1" అని రాసి ఊరుకుంటే చెప్పినట్లేనా? ఆలోచించవలసింది ఈ సంగతి.

పరాయి మందు కాదు

ఇది ఏ కొద్దిమందికో వచ్చే జబ్బు కాదు. హైదరాబాదుతో సహా దేశంలోని 8 నగరాలలో పెద్దవారిని పరీక్షించి 2013లో ప్రచురించిన సర్వేలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ లోపం ఉన్నట్లు తేలింది. అంటే సుమారు తొమ్మిదిమందిలో ఒకరికి. ఆ ఒకరు చాలాసార్లు ఇంటి ఇల్లాలే, ఎందుకంటే ఈ లోపం మగవారిలో కంటే ఆడవారిలో ఎక్కువ.

మెడలోని థైరాయిడ్ గ్రంథి తగినంత హార్మోను తయారు చేయలేనప్పుడు ఆ హార్మోనునే మాత్ర రూపంలో ఇస్తారు. దాని పేరు లెవోథైరాక్సిన్. గ్రంథి తయారుచేసే పదార్థానికీ దీనికీ తేడా లేదు. 1891లో ఇంగ్లండులో మర్రే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ గ్రంథి రసాన్ని ఈ లోపంతో తీసుకుపోతున్న 46 ఏళ్ల స్త్రీకి సూదిమందుగా ఇచ్చాడు. ఆమె ఆ తరువాత 28 ఏళ్లు బ్రతికింది. అంతకు ముందు ఈ జబ్బుకు మందన్నది లేదు. 1927లో ఈ హార్మోనును ప్రయోగశాలలో తయారు చేయడం సాధ్యమయింది. నేడు అది బజారులో తక్కువ ధరకే దొరికే మాత్ర.

శరీరం తానే తయారు చేసుకోవలసిన పదార్థం శరీరానికి "పడకపోవడం" అరుదు. మోతాదు ఎక్కువయినా, తక్కువయినా, మాత్ర కడుపులోకి పోయి కూడా ఒంటికి పట్టకపోయినా బాధలు వస్తాయి. లేక ఆ బాధలకు థైరాయిడ్‌తో సంబంధం లేని మరో కారణం ఉంటుంది. ఈ నాలుగింటిలో ఏదో తేల్చకుండా మాత్ర మీద నింద వేయడం వల్ల రోగికి నష్టమే తప్ప లాభం లేదు.

ఒకే గుక్కలో నాలుగు మాత్రలు

ఏ వీధిలోనైనా జరిగే కథే ఇది. నలభై అయిదేళ్ల ఇల్లాలికి థైరాయిడ్ లోపమని తేలింది. డాక్టరు 50 మైక్రోగ్రాముల మాత్ర రాశారు. ఆమె అయిదింటికి లేచి, పాలు కాచి, ఫిల్టరు కాఫీతో మాత్ర మింగింది. కాఫీ ఈ మాత్రను పేగులలో సరిగా ఇంకనివ్వదు. పాలలోని కాల్షియం కూడా కొంత అడ్డే. రెండు నెలల తరువాత పరీక్షలో టీఎస్‌హెచ్ దిగలేదు. మోతాదు 75 అయింది.

ఈలోగా మోకాళ్ల నొప్పులకు కాల్షియం, రక్తం తక్కువని ఐరన్ మాత్ర, గ్యాసుకు మరో గొట్టం వచ్చి చేరాయి. మరిచిపోకుండా ఉంటుందని ఆమె అన్నిటినీ ఉదయమే ఒక్క గుక్కలో వేసుకుంటోంది. కాల్షియం, ఐరన్ రెండూ థైరాయిడ్ మందును కడుపులోనే పట్టి ఉంచేస్తాయి. గ్యాసు మందు కడుపులోని ఆమ్లాన్ని తగ్గించడం వల్ల కూడా మాత్ర సరిగా ఒంటికి పట్టదు. టీఎస్‌హెచ్ మళ్లీ పెరిగింది. మోతాదు 100కు, ఆపైన 125కు ఎక్కింది. ఎలా వేసుకుంటున్నావమ్మా అని అడిగినవారు లేరు. అడగలేదు కనుక ఆమె చెప్పలేదు.

కొంతకాలానికి కాల్షియం, ఐరన్ మాత్రలు అయిపోయాయి. ఎవరో చెప్పగా మాత్ర మంచినీళ్లతో వేసుకుని గంట తరువాత కాఫీ తాగడం మొదలుపెట్టింది. అంతవరకు సగం వృథా అవుతూ వచ్చిన మందు ఇప్పుడు ఒంటికి పట్టసాగింది. 125 ఆమెకు ఎక్కువయింది. గుండె దడదడలాడింది, చెమటలు పట్టాయి, నిద్ర పోయింది. "ఈ మాత్ర నాకు పడలేదు" అని ఆమె నిర్ణయించుకుంది. సరిగా వేసుకోవడం మొదలుపెట్టిన రోజునే మందు మీద నమ్మకం పోయింది!

విటమిన్లు, రక్తం తక్కువని రాసే మాత్రలే థైరాయిడ్ మాత్రకు అడ్డు తగులుతాయన్న సంగతి ఇందులోని కీలకం. ఆ మాత్రలు మానవలసిన పని లేదు. రెంటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉంటే చాలు. థైరాయిడ్ మాత్ర లేవగానే మంచినీళ్లతో, ఆ తరువాత అరగంట నుంచి గంట ఆగి కాఫీ, ఫలహారం. కాల్షియం మధ్యాహ్న భోజనంతోనో, రాత్రి భోజనంతోనో. ఉదయం కుదరనివారు రాత్రి భోజనమయిన మూడు గంటల తరువాత పడుకునేముందు థైరాయిడ్ మాత్ర వేసుకోవచ్చు. ఏ వేళ ఎంచుకున్నా రోజూ అదే వేళ కావాలి.

ఈ జిల్లాలో పెరటాసి శనివారాలు, ఒక్కపొద్దులు పాటించే ఇళ్లు ఎన్నో. ఆ రోజుల్లో మాత్ర మానేసే స్త్రీలు కొందరున్నారు. ఖాళీ కడుపున నీళ్లతో వేసుకునే మాత్ర ఉపవాసానికి అడ్డు కాదు. నిజానికి అది ఉపవాసానికి సరిపోయే మందే. నీళ్లు కూడా తాగని రంజాన్ ఉపవాసాలకు వేళ ఎలా మార్చుకోవాలో ముందుగానే డాక్టరును అడిగి పెట్టుకోవడం మంచిది.

ఎక్కువైనా తిప్పలే, తక్కువైనా తిప్పలే

మోతాదు ఎక్కువయితే దడ, వణుకు, చెమట, విరేచనాలు, చిరాకు, బరువు తగ్గడం కనిపిస్తాయి. వయసు మళ్లినవారిలో గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నది. ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు గుల్లబారతాయి. అందుకే వృద్ధులకు, గుండె జబ్బు గలవారికి చాలా తక్కువ మోతాదుతో ప్రారంభించి మెల్లగా పెంచుతారు. "పక్కింటావిడకు 100 ఇచ్చారు, నాకు 25 ఏ మూలకు?" అనుకోవడం పొరపాటు. మోతాదు బరువును బట్టి, వయసును బట్టి, గ్రంథి ఎంత పనిచేస్తోందన్న దానిని బట్టి మారుతుంది.

ఈ మందు నెమ్మది మందు. ఒంట్లో చేరినదానిలో సగం తరగడానికే ఇంచుమించు వారం పడుతుంది. ఈ రోజు వేసుకున్నదానికి రేపే ఫలితం చూడబోతే నిరాశే మిగులుతుంది. మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాతనే టీఎస్‌హెచ్ పరీక్షకు అర్థం ఉంటుంది. మొదటి కొన్ని నెలలు కొందరికి జుట్టు ఎక్కువగా రాలవచ్చు. చాలామందిలో అది తాత్కాలికం. ఆ భయంతో జుట్టుకని బయోటిన్ మాత్రలు కొని వాడేవారు పరీక్షకు వెళ్లినప్పుడు ఆ మాట తప్పక చెప్పాలి. బయోటిన్ వల్ల కొన్ని ప్రయోగశాలల పరీక్షలో థైరాయిడ్ ఎక్కువగా ఉన్నట్లు తప్పుడు లెక్క వస్తుంది. ఆ లెక్కను నమ్మి మోతాదు తగ్గిస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

ఎండ కాసే సీమలో ఎండ విటమిన్ కరువు

టీఎస్‌హెచ్ సరిగానే ఉన్నా నీరసం పోదు కొందరికి. వారు అబద్ధమాడడం లేదు. థైరాయిడ్ లోపానికీ, విటమిన్ల లోపానికీ లక్షణాలు అన్నదమ్ముల్లా ఉంటాయి. అలసట, ఒళ్లు నొప్పులు, మతిమరుపు రెంటిలోనూ ఉన్నవే.

వీటిలో మొదటిది బి12. అది మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగులలో దొరుకుతుంది. ఆకుకూరలలో ఉండదు. అందుచేత శాకాహారులలో, అందునా పాలు పెరుగు తక్కువగా తీసుకునేవారిలో లోపం వస్తుంది. శరీరం తన థైరాయిడ్ గ్రంథి మీద తానే దాడి చేయడం వల్ల వచ్చే థైరాయిడ్ లోపం గలవారిలో, బి12ను కడుపు గ్రహించలేని జబ్బు కూడా ఇతరులలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. చక్కెర జబ్బుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలోనూ, గ్యాసు గొట్టాలు ఆపకుండా మింగేవారిలోనూ బి12 తగ్గుతుంది. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, నాలుక పూత దాని గుర్తులు. చాలాకాలం నిర్లక్ష్యం చేస్తే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా సర్దుకోకపోవచ్చు.

రెండవది డి విటమిన్. ఏడాది పొడుగునా ఎండ కాసే ఈ ప్రాంతంలో దీని కొరత ఏమిటని ఆశ్చర్యం కలగవచ్చు. తిరుపతి స్విమ్స్‌లో హరినారాయణ్, ఆయన సహచర వైద్యులు 2000 దశకంలో ప్రచురించిన పరిశీలనలు ఈ ఆశ్చర్యానికి జవాబు చెప్పాయి. పట్నవాసులలోనే కాక పల్లెవాసులలో కూడా డి విటమిన్ కొరత ఉన్నట్లు, పొలం పని చేసేవారి కంటే పట్నవాసులలో అది ఎక్కువగా ఉన్నట్లు వారు కనుగొన్నారు. తిండిలో కాల్షియం చాలీచాలకుండా ఉండడం దీనికి తోడు. చర్మంలో ఈ విటమిన్ తయారు కావడానికి తిరుపతి వంటి చోట ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్య ఎండ పనికివస్తుందని కూడా తరువాతి పరిశీలనలో చెప్పారు. పొద్దుటి లేత ఎండలో నడిస్తే చాలన్న నమ్మకానికి ఇది విరుద్ధం.

ఆ వేళకు ఎండలో ఎవరుంటారు? వెంకటగిరిలో గుంటమగ్గం మీద కూర్చున్న నేతగాడు ఇంటి నీడలోనే ఉంటాడు. కొట్టులోని గుమస్తా, కార్యాలయంలోని ఉద్యోగి, వంటింట్లోని ఇల్లాలు అంతే. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడమని ఎవరూ చెప్పబోరు. వడదెబ్బ విటమిన్ లోపం కంటే చెడ్డది. చలికాలంలో మధ్యాహ్నం కాసేపు చేతులకు, కాళ్లకు ఎండ తగలనివ్వడం మేలు. పరీక్షలో లోపం తేలితే మందు వాడక తప్పదు.

ఆ మందు దగ్గర మరో పొరపాటు జరుగుతోంది. 60,000 యూనిట్ల డి విటమిన్ పొట్లం సాధారణంగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు వాడవలసినది. చీటీలోని రాత అర్థం కాక దానిని రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, చివరకు మూత్రపిండాలకు ముప్పు తెస్తుంది. విటమినే గదా, ఎక్కువయితే ఏమవుతుంది అనుకోరాదు.

ఇలా చెప్పినంత మాత్రాన ప్రతి నీరసానికీ విటమిన్ సూది పొడవాలని కాదు. నీరసమనగానే పరీక్ష లేకుండా ఎర్రరంగు సూది వేసి డబ్బు పుచ్చుకునే వాడుక చాలా ఊళ్లలో ఉన్నది. రక్తహీనత, చక్కెర జబ్బు, సరైన నిద్ర లేకపోవడం, మనసులోని దిగులు - ఇవన్నీ నీరసాన్నే తెస్తాయి. ముందు కారణం వెదకాలి, తరువాతే మందు.

పేరు ఒకటే, మందులు రెండు

థైరాయిడ్ మాత్ర అన్న ఒక్క పేరుతో రెండు వ్యతిరేకమైన మందులు ఇళ్లలో ఉన్నాయి. హార్మోను తక్కువయినవారికి లెవోథైరాక్సిన్, ఎక్కువయినవారికి కార్బిమజోల్. ఇంట్లో ఇద్దరికి థైరాయిడ్ ఉన్నదని ఒకరి మాత్ర ఒకరు వాడుకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

కార్బిమజోల్ విషయంలో "పడలేదు" అన్న మాటను తేలికగా తీసిపారవేయరాదు. అరుదుగానే అయినా అది రక్తంలోని తెల్లకణాలను ప్రమాదకరంగా తగ్గించగలదు. ఆ మందు వాడేవారికి జ్వరం, గొంతు నొప్పి, నోటిపూత వస్తే మాత్ర ఆపి అదే రోజు డాక్టరును కలిసి రక్తపరీక్ష చేయించుకోవాలి. జలుబు జ్వరమని మందుల షాపులో మాత్ర కొని సరిపెట్టుకోరాదు. ఒక మందును సొంతంగా ఆపకూడదు, మరొక మందును ఆ గుర్తులు కనిపించగానే ఆపి తీరాలి. ఈ తేడా కూడా తెలియకుండా రోగిని ఇంటికి పంపడం న్యాయమేనా?

కడుపులో బిడ్డ మాటేమిటి?

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి గర్భిణులది. మొదటి నెలల్లో కడుపులోని బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచేయదు. మెదడు ఎదుగుదలకు కావలసిన హార్మోను తల్లి నుంచే అందాలి. అందుకే అప్పటికే మాత్ర వాడుతున్న స్త్రీకి గర్భం నిలిచిన తరువాత మోతాదు సాధారణంగా 25 నుంచి 30 శాతం పెంచవలసి వస్తుంది. నెల తప్పిన సంగతి తెలియగానే డాక్టరుకు చెప్పాలి. అయిదో నెల వరకు ఆగే వ్యవహారం కాదు.

కాని జరుగుతున్నదేమిటి? "గర్భంతో ఉన్నప్పుడు మందులు మంచివి కావు" అని ఇంట్లో పెద్దవారు మాత్ర మాన్పిస్తారు. లేదా ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలను థైరాయిడ్ మాత్రతో కలిపి వేయిస్తారు. మొదటిది తెలియని భయం, రెండవది తెలియని శ్రద్ధ. బిడ్డకు జరిగే నష్టం మాత్రం రెంటిలోనూ ఒకటే. ఆ ఐరన్, కాల్షియం కూడా తల్లికి అవసరమైనవే. వేళలు విడదీసి చెప్పే మనిషి లేకపోవడమే లోటు.

తీరిక లేదంటే సరిపోదు

ఇందులో డాక్టర్లను మాత్రమే నిందించి లాభం లేదు. ఉదయం నుంచి ఓపీలో బారులు తీరిన జనాన్ని చూస్తూ ఒక్కొక్కరికీ పది నిమిషాలు కేటాయించమనడం కుదిరే పని కాదు. రోగులూ పూర్తిగా నిర్దోషులు కారు. మధ్యలో మానేసిన సంగతి దాచి, మందు పనిచేయలేదనేవారు ఉన్నారు. పాత చీటీతోనే ఏళ్ల తరబడి సీసాలు కొనేవారూ ఉన్నారు.

అయితే డాక్టరుకు తీరిక లేనప్పుడు కాగితం మాట్లాడవచ్చు గదా! అరఠావు మీద పెద్ద తెలుగు అక్షరాలలో ఆరు వాక్యాలు చాలు. లేవగానే మంచినీళ్లతో వేసుకోండి. గంట తరువాత కాఫీ తాగండి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటలు ఆగండి. సొంతంగా ఆపవద్దు, పెంచవద్దు. దడ, వణుకు వస్తే పరీక్షకు రండి. నెల తప్పితే వెంటనే చెప్పండి. ఈ కాగితం ప్రతి థైరాయిడ్ చీటీకి జతచేస్తే అయ్యే ఖర్చు ఎంత? అచ్చు వేయడానికి జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు పెద్ద నిధులు అవసరం లేదు. ప్రయివేటు ఆసుపత్రులకయితే అసలు లెక్కలోకే రాదు.

చదువు రానివారికి ఆశా కార్యకర్తలు ఉన్నారు. గర్భిణికి ఐరన్, కాల్షియం మాత్రలు చేతిలో పెట్టేటప్పుడు "థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నావా అమ్మా?" అన్న ఒక్క ప్రశ్న అడిగేలా వారికి శిక్షణ ఇవ్వాలి. మందుల షాపులో సీసా అందించేవారు ఆ మాట చెప్పడం వారి వృత్తిధర్మం. ఎండ తగిలే కిటికీలోనూ, పొయ్యి పక్కనా సీసా పెట్టవద్దని, వేడి, తేమ మందును చెడగొడతాయని కూడా వారు చెప్పవచ్చు. టీఎస్‌హెచ్ పరీక్ష కోసం పల్లెల నుంచి బస్సెక్కి పట్నం రావలసిన అగత్యం లేకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే రక్తం తీసి పంపే ఏర్పాటు నిలకడగా నడవాలి. పరీక్ష దగ్గరలో ఉంటేనే మోతాదు సరిగా ఉంటుంది.

రోగుల వంతు కూడా కొంత ఉన్నది. డాక్టరు వద్దకు వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే మందులన్నీ, విటమిన్ గొట్టాలతో సహా, ఒక సంచిలో వేసి పట్టుకుపోవాలి. ఏది ఏ వేళకు వేసుకుంటున్నదీ దాచకుండా చెప్పాలి. కాన్పు తరువాత వచ్చిన లోపం కొందరిలో తాత్కాలికం కావచ్చు, వారికి మందు ఆపే రోజూ రావచ్చు. ఆ నిర్ణయం పరీక్ష చూసి డాక్టరు చేయవలసినదే గాని, పక్కింటివారి సలహాతో చేయవలసినది కాదు.

నూట ముప్పై ఏళ్ల క్రితం మందు దొరకక మనుషులు ఈ జబ్బుతో కృశించిపోయేవారు. ఈనాడు మందు ప్రతి వీధి చివరా దొరుకుతోంది. దొరకనిదల్లా దానితోపాటు చెప్పవలసిన రెండు మాటలు. అవి చెప్పడానికి కొత్త ఆసుపత్రి కట్టనక్కరలేదు, కొత్త యంత్రం కొననక్కరలేదు. జిల్లా అధికారులు తలచుకుంటే వచ్చే నెల నుంచే ఆ అరఠావు కాగితం ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ ఉంటుంది. అది చేతికి అందిన ఇల్లాలు సీసాను అటక ఎక్కించబోయే ముందు ఒకసారి కాఫీ గ్లాసు వంక చూసుకుంటుంది.